బ్యాటరీలో నేను పోసిన నీళ్లు

ముందే చెప్పేస్తాను, ఆ తర్వాత మీరు నన్ను తిట్టుకుంటూ చదవొచ్చు. మా అల్లుడి చిన్న కారులో బ్రేకు పైపును తిన్నది యాసిడ్. ఆ యాసిడ్ బయటికి పొంగేలా చేసింది నా చెయ్యి. నింద మోసింది మెకానిక్. ఎనిమిది రోజులు అతను మోస్తుంటే నేను చూస్తూ, మూడు పూటలా అన్నం తిన్నాను.

నాది బెల్లంపల్లి. మా ఆయన బొగ్గు బాయిలో పోయాక ఆయన కొలువుకు బదులుగా నాకు లాంప్ రూంలో పని ఇచ్చారు. బాయిలోకి దిగేవాళ్ల టోపీ లైట్లు ఉండే గది అది. లైటు టోపీకి, దాని బ్యాటరీ నడుముకు. షిఫ్టుకు దిగేముందు ఒక్కొక్కరికీ కిటికీలోంచి ఇవ్వాలి. పైకొచ్చాక తీసుకుని తుడవాలి, ఛార్జింగుకు పెట్టాలి, మూత విప్పి నీళ్లు చూడాలి. ఇప్పుడు అన్నీ లిథియం లైట్లట, నీళ్లూ లేవు, యాసిడూ లేదు. నేను చేసిన ఇరవై ఏడేళ్లలో ఎక్కువ భాగం యాసిడ్ బ్యాటరీలతోనే గడిచింది. మా లాంప్ రూం ఆడవాళ్లను ఎవరైనా కుచ్చిళ్లు చూసి గుర్తుపట్టొచ్చు. యాసిడ్ చుక్క పడిన రోజు చీరకు ఏమీ కనిపించదు. ఉతికి ఆరేసినప్పుడు చిల్లు తేలుతుంది.

అందుకే బ్యాటరీల విషయంలో నాకు కొంచెం పొగరు. కొంచెమేం కాదు, బాగానే ఉండేది.

నాకు ఒక్కతే బిడ్డ. అల్లుడికి కరీంనగర్‌లో గ్రానైట్ పలకల వ్యాపారం. మనిషి మంచివాడే కానీ కార్ల పిచ్చి. ఎక్కడో మహారాష్ట్ర వైపు నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు. పైన కప్పు లేదు, వానొస్తే గుడ్డ కప్పుకోవాలి. ఒళ్లంతా ఫైబరు. నేను ఒక చేత్తో తడితే డొల్లగా మోగింది.

"గిదేం బండి కొడుకా, పోరగాండ్లు ఆడుకునేటిదా?" అన్నాను.

"బరువు లేకపోవుడే దీని గొప్ప, అత్తమ్మా. బరువు లేకుంటెనే ఉరుకుతది" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట నిజమే. కానీ బరువు తగ్గించాలంటే ఎక్కడికక్కడ రేకు పలుచన చేయాలి కదా. మామూలు కార్లలో బ్యాటరీ ముందు ఇంజను పక్కన మందపాటి ఇనుప తట్టలో కూర్చుంటుంది. దీంట్లో ముందు చోటు చాలక సీట్ల వెనక, నేలకు దగ్గరగా, పలుచటి అల్యూమినియం తట్టలో పెట్టారు. దాని కిందినుంచే వెనక చక్రాలకు పోయే బ్రేకు పైపు వెళుతుంది. పైన యాసిడు, కింద బ్రేకు, మధ్యలో అప్పడమంత రేకు. దీన్ని గీసినవాడెవడో గానీ మా లాంప్ రూంలో నెల రోజులు పనిచేసి ఉంటే ఆ పని చేసేవాడు కాదు.

ఆ బండిని చూసేది జగిత్యాల రోడ్డులో రేకుల షెడ్డు ఉన్న మెకానిక్. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అదే అనేదాన్ని. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఇలాంటి వింత బండ్లున్న మా అల్లుడిలాంటివాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందరి బండ్లూ ఉస్తాద్ దగ్గరికే. ఆయన షెడ్డు నడిచేది వాళ్లతోనే.

పాత బ్యాటరీ చచ్చిపోయిన రోజు నేనూ షెడ్డుకు పోయాను. నన్నెవరూ పిలవలేదు. ఉస్తాద్ సీలు బ్యాటరీ పెడదామన్నాడు.

"సీలుది ఎందుకు? లోపల ఏమున్నదో కనవడదు. మూత ఇప్పి నీళ్లు చూస్తెనే బ్యాటరీ బతుకుతది" అన్నాను.

"గిది పెద్ద బండ్ల తీర్గ గాదమ్మా. మలుపుల కాడ గట్టిగ ఊగుతది. కింద అంత పల్సటి రేకు, చుక్క పడ్డా తింటది."

"చుక్క ఎట్ల పడ్తది? నేను చూస్త గద. ఇరవై ఏడేండ్లు చూసిన."

అల్లుడు అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి అత్త మాటకే తలూపాడు. ఉస్తాద్ వాదించలేదు. మూతల బ్యాటరీయే తెచ్చి, తట్టలో రబ్బరు పలక పరిచి, దాన్ని ఇసుమంతైనా కదలకుండా బిగించాడు. గ్యాసు పోయే సన్న గొట్టాన్ని బండి కిందికి దించాడు. టెర్మినళ్లకు గ్రీజు రాశాడు. ఆ తర్వాత మూడు మాటలు చెప్పాడు. నీళ్లు పై గీత దాటొద్దు. నెలకోసారి తినే సోడా కలిపిన నీళ్లతో చుట్టూ తుడవాలి. తెల్లటి పొడి కనబడితే అదే రోజు తనకు చూపించాలి. అవన్నీ నేను నలుగురికి నేర్పిన పాఠాలే. నాకే చెబుతున్నాడా అని లోపల మండింది. సరే సరే అని తలాడించి వచ్చేశాను.

ఏడాదిపాటు ఏ ఇబ్బందీ రాలేదు. నేను రెండు మూడు వారాలకోసారి కరీంనగర్ పోయేదాన్ని, పోయినప్పుడల్లా సీటు జరిపి మూతలు విప్పేదాన్ని. నెలకోసారి సోడా నీళ్లలో గుడ్డ ముంచి తుడిచేదాన్ని. మా బిడ్డ ఎగతాళి చేసేది. "మనుమడో మనుమరాలో ఉన్నా గింత మంచిగ తానం పొయ్యకపోదువు" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

ఆషాఢం చివర్లో నేను బెల్లంపల్లి పోయి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. ఇంటి పైకప్పు వానకు కారుతోంది, దగ్గరుండి బాగు చేయించాలి. మళ్లీ వచ్చేది దసరాకే. పోయే రోజు పొద్దున బ్యాటరీ మూతలు విప్పాను. నీళ్లు గీతకు కొంచెం కిందే ఉన్నాయి, సరిపోయేవే. కానీ నా మనసు ఊరుకోలేదు. రెండున్నర నెలలు ఎవరు చూస్తారు? నా బిడ్డ చూడదు. అల్లుడు బండి తోలుతాడు గానీ మూత విప్పడు. ప్రయాణానికి అన్నం మూట కట్టేటప్పుడు ఇంకో రెండు ముద్దలు వేస్తాం చూడండి, అట్లా వేశాను. ఆరు మూతల్లోనూ మెడ దాకా పోశాను. దసరా వరకు సరిపోవాలని పోశాను.

లాంప్ రూంలో నేను ఎప్పుడూ గీత దాటనివ్వలేదు. దాటితే బాయిలోకి దిగినవాడి నడుము మీద యాసిడ్ కారుతుంది. నింపిన బ్యాటరీని ఛార్జింగుకు పెడితే లోపల పొంగుతుందని కొత్తగా చేరిన ప్రతి ఆడమనిషికీ నేనే చెప్పాను. అక్కడ ఏ లైటైనా ఎనిమిది గంటల్లో మళ్లీ నా చేతికొచ్చేది. ఇక్కడ రాదు. ఆ బెంగే నా చేత పోయించింది. అందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారే, అదే అయింది.

వానాకాలమంతా బండి ఇంట్లోనే ఉంది. నిలబెట్టిన బండి బ్యాటరీ దిగిపోకూడదని అల్లుడు వారం వారం ఛార్జర్ తగిలించేవాడు. తగిలించిన ప్రతిసారీ లోపల బుడగలొచ్చి, మెడ దాకా ఉన్న యాసిడ్ నీళ్లు మూతల సందుల్లోంచి చెమ్మలా బయటికొచ్చాయి. బ్యాటరీ పక్కలనుంచి జారి, రబ్బరు పలక అంచు దాటి, తట్ట మూలలకు చేరాయి. సీటు జరిపి ఎవరైనా చూస్తే కదా తెలిసేది. అల్లుడు బయట మాత్రం రోజూ తుడిచాడు, అద్దంలా ఉంచాడు.

దసరా ముందురోజు నేను కరీంనగర్ చేరాను. మరునాడు పొద్దున బండికి పూజ. ఆ తర్వాత బిడ్డా అల్లుడూ ఆ బండిలోనే ధర్మపురి పోయి నరసింహస్వామిని చూసి, జమ్మి పెట్టే వేళకు తిరిగి రావాలని అనుకున్నారు. రెండే సీట్లు కాబట్టి నేను ఇంటి దగ్గరే. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టారు. పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్లు నేను కలిపాను. తిప్పేది మాత్రం బిడ్డే. మొగుడు పోయిన ఆడది తిప్పకూడదని వాళ్ల పద్ధతి. కలపడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

బిడ్డ పళ్లెం పట్టుకుని బండి చుట్టూ తిప్పింది. పైన కప్పు లేదు కదా, సీట్ల మీదుగా కూడా తిప్పింది. పళ్లెం వంగి కొన్ని ఎర్రనీళ్లు లోపల పడ్డాయి. సీటు మీద పడిన చుక్కలు ఎర్రగానే ఉన్నాయి. సీటు వెనక రేకు మీద పడినవి నేను చూస్తుండగానే పసుపు రంగుకు తిరిగాయి.

మా లాంప్ రూంలో యాసిడ్ ఎక్కడుందో చూసే కాగితాలు ఎప్పుడూ వేళకు వచ్చేవి కావు. మేం ఆడవాళ్లం ఇంటినుంచి పసుపు తెచ్చుకునేవాళ్లం, పాన్ వేసుకునేవాళ్ల దగ్గర సున్నం తీసుకునేవాళ్లం. తుడిచిన బల్ల మీద ఎర్రనీళ్లు చల్లితే, యాసిడ్ మిగిలిన చోట అవి పచ్చబడతాయి. సోడాతో మళ్లీ కడిగి మళ్లీ చల్లాలి. ఎర్రగా నిలిచేదాకా ఆ బల్ల మీద చెయ్యి పెట్టేవాళ్లం కాదు.

"బండి తియ్యకుండ్రి" అన్నాను.

"ఏమైందే అవ్వా?" అంది బిడ్డ.

నేను సీటు జరిపించాను. తట్ట మూలల్లో తెల్లటి పొడి, ఒక మూల ఏకంగా రూపాయి బిళ్లంత కన్నం. అందులోంచి కింద బ్రేకు పైపు కనబడింది. పైన ఉండాల్సిన పూత లేదు. పొలుసులు పొలుసులుగా తుప్పు. ఆ బండిలో నా ఒక్క బిడ్డ ఇంకో పావుగంటలో కూర్చుని ఉండేది.

నిన్న సాయంత్రం కూడా బ్రేకు బాగానే పడిందని అల్లుడు గునిశాడు. నేను వినలేదు. ఉస్తాద్‌కు ఫోన్ చేయించాను. పండగ పూట అయినా పావుగంటలో వచ్చాడు. బండి కింద దూరి టార్చి వేసి చూశాడు. "సారూ, పెడల్ గట్టిగ తొక్కుండ్రి" అన్నాడు. అల్లుడు తొక్కాడు. పైపు మీద తుప్పు ఉన్న చోటునుంచి నూనె కారింది, పెడల్ మెల్లగా కిందికి దిగిపోయింది. ఇంకోసారి తొక్కితే నేల దాకా పోయింది.

అల్లుడికి భయం ముందొచ్చింది, కోపం దాని వెనకే వచ్చింది. "నువ్వే గద పెట్టినవ్ బ్యాటరీ. గా తట్ట నువ్వే బిగించినవ్. నా భార్య కూసుంటుండె గిండ్ల" అని వీధిలోవాళ్లు చూసేంత గట్టిగా అరిచాడు.

ఉస్తాద్ బ్యాటరీ బయటికి తీసి అరుగు మీద పెట్టాడు. మూతలు విప్పాడు. నీళ్లు ఇంకా గీత పైనే ఉన్నాయి. సంచిలోంచి యాసిడ్ చూసే గాజు గొట్టం తీసి ఒక్కో గదిలో ముంచాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపలి బుడ్డి కిందికి మునిగే ఉంది. ఛార్జయి ఉన్న బ్యాటరీలో యాసిడ్ అంత పలుచన ఎందుకవుతుంది? నీళ్లు ఎక్కువ పోసి, యాసిడ్ పొంగి బయటికి పోతేనే అవుతుంది. ఆరు గదుల్లోనూ అంతే. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి చదివాను. గొట్టం దించి అతను ఒక్కసారి నా వైపు చూశాడు.

అప్పుడు చెప్పాలి. అప్పుడే చెప్పి ఉంటే ఇదంతా రాసే పని లేదు. చెప్పలేదు సరికదా, "రబ్బరు పలక చిన్నగ పడ్డది, ఇంకింత పెద్దది ఏసుండాలె" అన్నాను. నా నోటినుంచే వచ్చింది ఆ మాట.

అల్లుడికి అది చాలు. ఇంక నా బండి నువ్వు ముట్టుకోకు అన్నాడు. ఉస్తాద్ గొట్టం కడుక్కుని సంచిలో పెట్టుకున్నాడు. పోయేముందు మాత్రం, "పైపు మార్చేదాక నూకుకుంటనన్న గల్లి దాటియ్యకుండ్రి, సారూ" అని చెప్పి పోయాడు.

ఆ తర్వాత ఇంట్లో నాకు జరిగిన మర్యాద చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పక్కింటివాళ్లకు, ఎదురింటివాళ్లకు, ఫోన్‌లో చుట్టాలకు, బిడ్డ అదే పనిగా చెప్పింది. "మా అవ్వ చూడకపోతే మేం ఇయ్యాల లేము." వాళ్లొచ్చి నన్ను చూసి పోయేవాళ్లు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చునేదాన్ని. పోనీలే, అతను పెద్ద మెకానిక్, ఒక బండి పోతే ఏమవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడో రోజు అన్నం తింటూ అల్లుడు తన ఫోన్ గ్రూపులో అంతా రాశానని చెప్పాడు. ఫోటోలు కూడా పెట్టాడట. ఆరో రోజు, ఇద్దరు తమ బండ్లు ఉస్తాద్ షెడ్డులోంచి తెచ్చుకుని వేరేచోట ఇచ్చారని చెప్పాడు. మిగిలినవాళ్లు కూడా ఆలోచిస్తున్నారన్నాడు. చెప్పి పెరుగు వేసుకున్నాడు. కూర కారంగా ఉందని చెప్పి నేను లేచిపోయాను. ఒక మనిషి కూడు నా నోటి మాట వల్ల పోతోందని తెలిసి కూడా ఇంకో రెండు రోజులు ఆగాను. ఎందుకాగానో చెబుతాను. ఇరవై ఏడేళ్లు నాకు ఉన్నది ఆ ఒక్క పేరే. అదీ పోతే నా దగ్గర ఏముంది అనుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం బిడ్డ బజారు నుంచి చీర తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆకుపచ్చ గద్వాల చీర. "మా ఇద్దర్ని బతికిచ్చినవ్ గద. కట్టుకో" అంది. అల్లుడు పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు.

నేను చీర తీసి పక్కన పెట్టాను.

"నీళ్లు పోసింది నేనే" అన్నాను. "ఆషాఢంల పోయేటప్పుడు మెడ దాకా పోసిన. గా నీళ్లే పొంగినయ్. ఉస్తాద్ తప్పు లేదు. మిమ్ముల బతికిచ్చుడేంది, సంపేటి పని చేసిందే నేను."

బిడ్డ ఆ చీర మడత మీద చెయ్యి పెట్టి అంది, మెల్లగానే అంది. "ఆయినె తిట్లు తినంగ నువ్వు పక్కనే ఉన్నవ్ గదనే, అవ్వా."

ఉన్నాను.

"షెడ్డుకు పోదాం నడువు కొడుకా" అన్నాను అల్లుడితో. స్కూటర్ మీద తీసుకుపోయాడు. దారిలో గుంతలు కూడా చూడకుండా తోలాడు. కోపం నా మీదో, తన మీదో నాకు తెలియలేదు.

షెడ్డులో ఒక్క బండి లేదు. ఎప్పుడు పోయినా పక్కకు తిరిగి నడవాల్సిన చోటు, ఆ రోజు ఊడ్చి నీళ్లు చల్లి ఉంది. ఉస్తాద్ గోడ దగ్గర కూర్చుని పానాలు తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి నాకు స్టూలు వేశాడు. నేను కూర్చోలేదు. అల్లుడితో చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను. రబ్బరు పలక గురించి నేనన్న మాట అబద్ధమని కూడా చెప్పాను.

"ఎరుకే అమ్మా" అన్నాడు. "గొట్టం ముంచిననాడే ఎరుక. ఆరింటికి ఆరు ఒక్క తీర్గ పల్చగయినయ్. అది బండి చేసిన పని గాదు, మనిషి చేసిన పని."

"మరి ఆనాడే ఎందుకనలేదు?"

చేతిలో పానా కింద పెట్టాడు. "ఇరవై ఏడేండ్లు బ్యాటరీల కాడ చేసిన మీ మాట ముంగట నా మాట ఎవలింటరు? గొట్టం మీరు సుత చదివిండ్రు, నేను చూసిన. మీరే చెప్తరనుకున్న. దినాం పొద్దుగాల షెడ్డు తెరిచి రోడ్డు దిక్కు చూసుడే అయింది, ఎనిమిదొద్దులు."

నేను ఇన్నేళ్లలో ఎవరి ముందూ తల దించలేదు. ఆ రోజు దించాను. క్షమించమన్నాను. అతను సరే అనలేదు, కాదనలేదు. చాయ్ తెప్పిస్తానన్నాడు.

అల్లుడు ఫోన్ తీశాడు. గ్రూపులో రాస్తానన్నాడు. "అత్తమ్మ పొరపాటున నీళ్లు ఎక్కువ పోసిందని రాస్త, గంతే. ఉస్తాద్ తప్పు లేదని రాస్త" అన్నాడు.

"పొరపాటని ఒక్కటే రాయకు" అన్నాను. "తెల్సి ఎనిమిదొద్దులు ఊకున్నదని రాయి."

రాశాడు. పంపేముందు నాకు చూపించాడు, నేను చదివి పంపమన్నాను. బండి ఉస్తాదే బాగు చేశాడు. పైపు మార్చి, తట్ట మార్చి, సీలు బ్యాటరీ పెట్టాడు. బండ్లు తీసుకుపోయిన ఇద్దరిలో ఒకతను మరునాడే తిరిగొచ్చాడు. రెండో అతను ఇప్పటికీ రాలేదు.